ఎండ్యూరెన్స్ గుర్రానికి దాణా: ఎప్పుడు పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎప్పుడు ఆపాలి

ఎండ్యూరెన్స్ అంటే గుర్రాల దూరప్రయాణ పోటీ. అలాంటి 80 కిలోమీటర్ల పోటీలో రెండో వెట్ గేట్ (దారిలో డాక్టర్ గుర్రాన్ని తనిఖీ చేసే మజిలీ) దగ్గర మా ఆడగుర్రం తల దించుకుని నిలబడిపోయింది. గుండె వేగం దిగింది, నడకలో కుంటు లేదు. కానీ ముందు వేసిన గడ్డి వంక కూడా చూడలేదు. చెవులు పక్కలకి వాలిపోయాయి. డాక్టర్ స్టెతస్కోప్‌తో డొక్కల మీద నాలుగు చోట్ల విని, "పొద్దున ఏం పెట్టారు?" అని అడిగారు. బయల్దేరడానికి రెండు గంటల ముందు, రోజూ పెట్టేదానికి ఒకటిన్నర రెట్లు దాణా పెట్టాను. దూరం వెళ్లాలి కదా, బలంగా ఉంటుందనుకున్నాను. ఆ రోజు మా పోటీ అక్కడితో ఆగింది. సాయంత్రానికి అది మళ్లీ గడ్డి అందుకునే వరకు నా ప్రాణం కుదుటపడలేదు.

దూరం నడిచే గుర్రానికి దాణా పెట్టే వేళ తప్పితే మంచి దాణా కూడా ఎదురు తిరుగుతుందని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. లెక్కలన్నీ 450 కిలోల గుర్రానికి వేశాను, మీ గుర్రం బరువును బట్టి మార్చుకోండి.

1. ముందు గుర్రం దగ్గర ఎంత ఇంధనం ఉందో తెలుసుకోండి

గుర్రం కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం సుమారు మూడు నాలుగు కిలోలు ఉంటుంది. కాలేయంలో ఉండేది అంతకన్నా చాలా తక్కువ. ఇక రక్తంలో ఏ క్షణంలో చూసినా తిరిగే గ్లూకోజ్ మొత్తం కలిపితే 35 గ్రాముల చుట్టుపక్కలే. అంత పెద్ద జంతువు ఒంట్లో గుప్పెడు చక్కెర! కొవ్వు సంగతి వేరు. సన్నగా ఉన్న గుర్రంలో కూడా 25, 30 కిలోలు ఉంటుంది, పైగా గ్రాముకి గ్లైకోజెన్ కంటే రెట్టింపుకి మించి శక్తి ఇస్తుంది.

రైడర్‌ని మోస్తూ ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య వేగం) చేసే గుర్రం గంటకి ఉజ్జాయింపుగా 5,000 నుంచి 6,000 కిలోకేలరీలు ఖర్చు చేస్తుంది. ఒక్క గ్లైకోజెన్ మీదే నడిస్తే రెండు మూడు గంటల్లో ఖాళీ. కొవ్వు మీద నడిస్తే రోజంతా నడుస్తుంది. అందుకే 80, 120, 160 కిలోమీటర్లు వెళ్లే గుర్రానికి అసలు ఇంధనం కొవ్వు.

అలాగని గ్లైకోజెన్‌ని తీసిపారేయలేం. కణాల్లో కొవ్వు పూర్తిగా కరగాలంటే దాంతో పాటు కొద్దిపాటి కార్బోహైడ్రేట్ కూడా కరుగుతూ ఉండాలి. మెదడు గ్లూకోజ్ మీదే బతుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, కాంటర్‌లోకి, అంటే ట్రాట్ కన్నా వేగమైన దౌడులోకి వెళ్లినప్పుడు కండరం వాడేది గ్లైకోజెన్‌నే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒక కండరంలో ఉన్న గ్లైకోజెన్ రక్తంలోకి వచ్చి ఇంకో కండరానికి సాయపడలేదు. ఎక్కువ పనిచేసే పిరుదు కండరాలు ఖాళీ అయిపోతే, మెడలో ఎంత మిగిలినా లాభం లేదు. అలసిన గుర్రం అడుగు కురచవుతుంది, రాయి తగిలి తొట్రుపడుతుంది. రైడర్ "బద్ధకిస్తోంది" అనుకునేది చాలాసార్లు ఇదే.

మూడో ఇంధనం పెద్దపేగులో తయారవుతుంది. అక్కడి సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలు తయారుచేస్తాయి. వీటిలో ప్రొపియొనేట్‌ని కాలేయం గ్లూకోజ్‌గా మార్చుకుంటుంది. రాత్రి తిన్న గడ్డి మర్నాడు మధ్యాహ్నం దారిలో కూడా కొంచెం కొంచెంగా శక్తి ఇస్తూనే ఉంటుందంటే కారణం ఇదే. ఆ గడ్డి పేగుల్లో నీళ్లను కూడా పట్టి ఉంచుతుంది. వేడిలో గంటకి పది లీటర్లకి పైగా చెమటపట్టే గుర్రానికి ఆ నీళ్లు ఎంత విలువైనవో చెప్పక్కర్లేదు.

2. వేగమే మొదటి సప్లిమెంట్

గుండె వేగం నిమిషానికి 120 నుంచి 140 మధ్య ఉన్నంతసేపూ గుర్రం ఎక్కువగా కొవ్వు కరిగిస్తుంది. 150, 160 దాటే కొద్దీ గ్లైకోజెన్ ఖర్చు గబగబా పెరుగుతుంది. ఇంకా తోస్తే ఆక్సిజన్ చాలక లాక్టేట్ పోగవుతుంది. ఆక్సిజన్ లేని ఆ పద్ధతిలో అదే గ్లూకోజ్ నుంచి వచ్చే శక్తి, ఆక్సిజన్‌తో వచ్చే దాంట్లో పదో వంతు కూడా ఉండదు. మొదటి పది కిలోమీటర్లు మందతో పాటు ఉరికి ఖర్చు చేసిన గ్లైకోజెన్‌ని ఆ రోజు ఏ గ్లూకోజ్ పేస్టూ తిరిగి తెచ్చివ్వదు. హార్ట్‌రేట్ మానిటర్ కొనే స్తోమత ఉంటే సప్లిమెంట్ డబ్బాల కన్నా ముందు దాన్నే కొనండి.

3. రోజువారీ మేతను తూకం వేసి పెట్టండి

పోటీ రోజు సంగతి తర్వాత. నెలల తరబడి ఏం తింటోందన్నదే కండరాన్ని తయారుచేస్తుంది.

గడ్డి: శరీర బరువులో కనీసం 1.5 శాతం, వీలైతే 2 శాతం. అంటే ఎండుగడ్డి రోజుకి 7 నుంచి 9 కిలోలు. ఇది తగ్గించి దాణా పెంచితే అన్ని సమస్యలూ ఇక్కడినుంచే మొదలవుతాయి.

దాణాను డబ్బాతో కొలవడం మానేయండి. ఒకసారి అదే డబ్బాతో ఓట్స్, మొక్కజొన్న విడివిడిగా తూచి చూడండి. మొక్కజొన్న దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు తూగుతుంది. పైగా ఓట్స్‌లో స్టార్చ్, అంటే గింజలోని పిండి, 40 శాతం పైచిలుకు ఉంటే, మొక్కజొన్నలో 65 నుంచి 70 శాతం. డబ్బా అదే, కానీ లోపలికి వెళ్లే స్టార్చ్ రెండు రెట్లు దాటుతుంది. ఇది తెలియక ఓట్స్ అయిపోయిన రోజు మొక్కజొన్న వేసి, రాత్రంతా కడుపునొప్పితో గుర్రాన్ని నడిపించినవాళ్లు ఉన్నారు.

గుర్రం చిన్నపేగు స్టార్చ్‌ని అరిగించుకోవడంలో బలహీనం. ఒక పూటకి శరీర బరువు కిలోకి ఒక గ్రాము స్టార్చ్ మించకుండా చూసుకోండి. 450 కిలోల గుర్రానికి 450 గ్రాములు, అంటే సుమారు ఒక కిలో ఓట్స్. మొక్కజొన్న అయితే ఆరున్నర వందల గ్రాములే, అది కూడా ఉడికించింది కానీ వేడి మీద రేకులు చేసింది కానీ అయితేనే. ఉడికించని మొక్కజొన్నలోని స్టార్చ్ చిన్నపేగులో సరిగ్గా అరగదు. అరగని స్టార్చ్ పెద్దపేగులోకి జారితే అక్కడ లాక్టిక్ ఆమ్లం తయారై, మంచి సూక్ష్మజీవులు చచ్చి, కడుపునొప్పి, లామినైటిస్ (గిట్టల లోపలి వాపు) దాకా తీసుకెళ్తుంది. ఎక్కువ దాణా అవసరమైతే పూటలు పెంచండి, పూటకి పెట్టేది కాదు.

సెలవు రోజున దాణా సగానికి తగ్గించండి. పని లేని రోజు పూర్తి దాణా తిని, మర్నాడు పనిలోకి దిగిన గుర్రానికి కండరాలు బిగుసుకుపోవడం పాతకాలం నుంచీ తెలిసిన జబ్బు.

ఇక నూనె. కొవ్వును ఇంధనంగా వాడుకోవడం కండరానికి అలవాటు చేయడానికి ఇది మంచి సాధనం. 240 మిల్లీలీటర్ల కప్పు నూనె దాదాపు 2,000 కిలోకేలరీలు ఇస్తుంది, కానీ స్టార్చ్ సున్నా. రోజుకి 50 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి కాస్త పెంచుతూ, మూడు నాలుగు వారాల్లో 250 నుంచి 400 దాకా వెళ్లండి. పేడ మెత్తబడినా, జిడ్డుగా మెరిసినా ఒక మెట్టు వెనక్కి దిగండి. నూనె పెంచితే విటమిన్ ఇ కూడా పెంచాలి. కండరాలు పూర్తిగా అలవాటు పడటానికి రెండు నెలలు పడుతుంది. కాబట్టి పోటీకి పది రోజుల ముందు నూనె మొదలుపెట్టడం వృథా. అలాగే నూనె ఉంది కదా అని గింజలు పూర్తిగా మానేస్తే కండరంలో గ్లైకోజెన్ నిల్వ తగ్గే ప్రమాదం ఉంది.

ఒంటి కండ కూడా చూసుకోండి. 1983లో వచ్చిన హెన్నెకె పద్ధతిలో 1 నుంచి 9 వరకు అంకెలుంటాయి, 1 అంటే ఎముకల గూడు, 9 అంటే బాగా కొవ్వెక్కినది. ఎండ్యూరెన్స్ గుర్రం 4.5, 5 దగ్గర ఉంటే మంచిది. పక్కటెముకలు కంటికి లెక్కపెట్టేలా ఉన్న గుర్రం తేలిగ్గా పరుగెత్తుతుందని కొందరు అనుకుంటారు. కాలిఫోర్నియా కొండల్లో 1955 నుంచి జరుగుతున్న 100 మైళ్ల టెవిస్ కప్‌లో గుర్రాలను పరిశీలించినప్పుడు, మరీ బక్కచిక్కినవే ఎక్కువగా మధ్యలో ఆగిపోయాయి.

4. మనుషుల "కార్బ్ లోడింగ్" వద్దు

మారథాన్ రన్నర్లు పోటీకి ముందు మూడు రోజులు అన్నం, పాస్తా దంచి తింటారని చదివి గుర్రానికీ అదే చేయాలనిపిస్తుంది. చేయకండి. గుర్రం కండరంలో మామూలుగానే మన కండరం కంటే ఎక్కువ గ్లైకోజెన్ ఉంటుంది. దాని మీద ఇంకా నింపగలిగేది తక్కువ. దానికోసం పేగుల మీద వేసే భారం మాత్రం ఎక్కువ. పోటీకి ముందు వారం మేతలో కొత్తది ఏదీ చేర్చకండి, కొత్త బస్తా గడ్డి కూడా.

5. ముందు రోజు రాత్రి, ఆ రోజు తెల్లవారుజామున

నేను తప్పు చేసింది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

దాణా తిన్న గంటన్నర, రెండు గంటలకి రక్తంలో గ్లూకోజ్, ఇన్సులిన్ రెండూ పైకి లేస్తాయి. ఇన్సులిన్ పని గ్లూకోజ్‌ని కణాల్లోకి తోసి, కొవ్వు కరగడాన్ని ఆపడం. సరిగ్గా అప్పుడే మీరు జీను వేసి బయల్దేరితే ఏమవుతుంది? కండరం కూడా పని మొదలుపెట్టి గ్లూకోజ్‌ని లాగేస్తుంది. ఇటు ఇన్సులిన్, అటు కండరం, రెండూ కలిసి రక్తంలో గ్లూకోజ్‌ని కిందికి దించేస్తాయి. రావలసిన కొవ్వు ఇన్సులిన్ వల్ల రాదు. దాంతో గ్లైకోజెన్ మీద పడుతుంది. రోజంతా పొదుపుగా వాడాల్సిన దాన్ని మొదటి లూప్‌లోనే, అంటే మొదటి వెట్ గేట్ లోపే తినేస్తుంది.

కాబట్టి గింజల దాణా బయల్దేరడానికి కనీసం నాలుగైదు గంటల ముందే ఆపేయండి. ఉదయం 5కి స్టార్ట్ అయితే రాత్రి 9కి పెట్టిందే చివరి దాణా. నిద్ర లేపి అర్ధరాత్రి పెట్టాల్సిన పని లేదు.

కానీ పస్తు మాత్రం ఉంచకండి. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో పరుగెత్తితే ఆ ఆమ్లం పైకి చిమ్మి పుళ్లు పడతాయి. ఎండ్యూరెన్స్ గుర్రాల్లో ఈ పుళ్లు చాలా మామూలు. రాత్రంతా గడ్డి ముందు ఉండాలి, తెల్లవారాక కూడా నమలనివ్వండి. గడ్డి ఇన్సులిన్‌ని దాణాలా ఎగదోయదు. నానబెట్టిన బీట్ పల్ప్, అంటే చక్కెర బీట్ పిప్పి, రెండు గుప్పిళ్లు నీళ్లు నీళ్లగా ఇస్తే ఇంకా మంచిది. అందులో స్టార్చ్ దాదాపు ఉండదు, నీళ్లు మాత్రం బాగా పట్టుకుంటుంది. బెల్లం పాకం కలపని రకం చూసి కొనండి.

లూసర్న్ (అల్ఫాల్ఫా) గడ్డి అలవాటున్నవాళ్లకి ఒక మాట. పోటీకి ముందు వారాల్లో అదే ఎక్కువగా పెడితే అందులోని కాల్షియం వల్ల గుర్రం తన ఎముకల నుంచి కాల్షియం తీసుకునే అలవాటు తగ్గిపోతుంది. చెమటలో కాల్షియం పోయినప్పుడు సర్దుకోలేదు. ఇంటి దగ్గర కొంచెంగా, వెట్ గేట్ల దగ్గర కాస్త ధారాళంగా వాడండి.

6. దారిలో

పని మొదలయ్యాక ఒంట్లో అడ్రినలిన్ పెరిగి ఇన్సులిన్‌ని అణచిపెడుతుంది. బయల్దేరే ముందు చెడు చేసే కార్బోహైడ్రేట్, దారిలో కొంచెం కొంచెంగా ఇస్తే మేలు చేసేది అందుకే. పచ్చిక కనిపించిన చోట రెండు నిమిషాలు ఆగి నాలుగు నోళ్లు మేయనివ్వండి. టైమ్ పోతుందని టెన్షన్ పడకండి. గేట్‌కి ముందు చివరి కిలోమీటరు నెమ్మదిగా నడిపిస్తే ఆ రెండు నిమిషాలూ గుండె వేగం త్వరగా దిగి తిరిగి వచ్చేస్తాయి.

7. వెట్ గేట్ దగ్గర

మొదట నీళ్లు, చల్లబరచడం. ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) పోటీల్లో గుండె వేగం 64కి దిగితే కానీ తనిఖీ దాటరు. ఆ తర్వాత మీ చేతిలో ఉండేది సుమారు 40 నిమిషాలు. దాన్ని ఫోటోలకి, కబుర్లకి పోనివ్వకండి.

నేను మూడు బకెట్లు వరసగా పెడతాను. ఒకదాంట్లో నీళ్లు. ఒకదాంట్లో నీళ్లు కారేలా తడిపిన గడ్డి. మూడోదాంట్లో నానిన బీట్ పల్ప్‌లో అర కిలో లోపు ఓట్స్, చిటికెడు కాదు, ఒక చెంచా ఉప్పు. వేలితో కలిపితే గంజిలా జారాలి, ముద్దలా నిలబడకూడదు. గుర్రం మూతి ఏ బకెట్‌లోకి వెళ్తే అది తిననివ్వండి. దాని ఒంటికి ఏం కావాలో చాలాసార్లు దానికే బాగా తెలుసు.

ఇక చాలామంది అడిగే గ్లూకోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ (తేలిగ్గా అరిగే పిండి పొడి) సిరంజిల గురించి. ఒక సిరంజిలో 60 గ్రాములు ఉంటే అది 240 కిలోకేలరీలు. గంటకి 5,000 పైన ఖర్చు చేసే గుర్రానికి అది మూడు నిమిషాల ట్రాట్‌కి కూడా చాలదు. కండరానికి ఇంధనంగా దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రక్తంలో గ్లూకోజ్ పడిపోకుండా కాస్త ఆసరా ఇవ్వగలదు, నోట్లో తీపి తగిలి తినడం మొదలుపెట్టే గుర్రాలూ ఉన్నాయి. పరిశోధనల్లో రక్తనాళంలోకి నేరుగా గ్లూకోజ్ ఎక్కించినప్పుడు గుర్రాలు ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు నిలబడ్డ మాట నిజం. కానీ సూది, సెలైన్ లాంటివి పోటీలో మన ఇష్టానికి వాడేవి కావు, డాక్టర్ చేతిలోని పని.

సిరంజి వాడాలనుకుంటే మూడు జాగ్రత్తలు. ట్రైనింగ్‌లో కనీసం రెండు మూడుసార్లు ఇచ్చి చూడనిదే పోటీలో ఇవ్వకండి. చిక్కటి చక్కెర పేగుల్లోకి ఒంటి నీళ్లను లాగుతుంది కాబట్టి గుర్రం బాగా నీళ్లు తాగాకే ఇవ్వండి. ఎలక్ట్రోలైట్ (లవణాల) పేస్టుకీ ఇదే నియమం. లేబుల్ మీద ఉన్న ప్రతి పదార్థాన్నీ నిషేధిత జాబితాతో సరిచూసుకోండి.

గుర్రం తినకపోతే, తాగకపోతే ఏదీ నోట్లో కుక్కకండి. చెవిని డొక్కకి ఆనించి వినండి. ఎడమవైపు పైన, కింద, కుడివైపు పైన, కింద, ఒక్కో చోట నిమిషం చొప్పున. గుడగుడ వినిపించాలి. నిశ్శబ్దంగా ఉంటే పేగులకి రక్తం సరిగ్గా అందడం లేదన్నమాట. అప్పుడు లోపలికి పోసిన చక్కెర కదలకుండా అక్కడే ఉండి పులుస్తుంది. వెంటనే డాక్టర్‌ని పిలవండి. గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్క ఎగిరెగిరి పడుతున్నా ఆగిపోండి, అది కాల్షియం, క్లోరైడ్ లాంటివి తగ్గిపోయిన గుర్తు.

8. పోటీ అయ్యాక మూడు రోజులు

ఫినిష్ అయిన సంతోషంలో పెద్ద బకెట్ దాణా ముందు పెట్టకండి. పేగులు ఇంకా సర్దుకోలేదు, కడుపునొప్పి వచ్చేది చాలాసార్లు ఆ రాత్రే. మొదటి రెండు గంటలు నీళ్లు, తడి గడ్డి, పల్చటి మాష్ (నీళ్లలో నానబెట్టిన మెత్తటి మేత). తింటూ, తాగుతూ, పేడ వేస్తూ ఉంటే రాత్రికి అర కిలో దాణా. తర్వాత రోజుకి నాలుగు చిన్న పూటలు.

మనిషి కండరం దాదాపు ఒక రోజులో గ్లైకోజెన్‌ని నింపుకుంటుంది. గుర్రానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. నోటి ద్వారా ఎక్కువ గ్లూకోజ్ పోసినా ఆ వేగం పెద్దగా పెరగదు. పెంచాలని చూస్తే లామినైటిస్ తెచ్చుకున్నట్టే. నీళ్లు, ఉప్పు లోటు తీరకపోతే మాత్రం ఈ నింపుకోవడం ఇంకా నెమ్మదిస్తుంది. కాబట్టి ఆ మూడు రోజులూ ఉప్పు, నీళ్ల మీద కన్నేసి ఉంచండి. చేతితో పట్టుకుని నడిపించండి, పచ్చికలో వదలండి. జీను వద్దు.

లామినైటిస్ ఒకసారి వచ్చిన గుర్రం, ఇన్సులిన్ సమస్య ఉన్న గుర్రం, తరచూ కండరాలు బిగుసుకుపోయే గుర్రం: వీటికి పైన చెప్పిన దాణా లెక్కలు వర్తించవు. వాటికి గడ్డి, నూనె మీదే డాక్టర్ సలహాతో ప్లాన్ వేసుకోవాలి.

9. ఒక నోట్‌బుక్ పెట్టండి

చివరి దాణా ఎన్నింటికి, ఎంత. ప్రతి గేట్‌లో గుండె వేగం ఎన్ని నిమిషాలకి 64కి దిగింది. ఏ బకెట్ ముందు ఖాళీ అయింది. డొక్కలో చప్పుడు ఉందా లేదా. పేడ ఎన్నిసార్లు వేసింది, ఎలా ఉంది. మా ఆడగుర్రం పేజీల్లో ఆ చెడ్డ రోజు ఎదురుగా "దాణా: ఉదయం 3" అని ఉంది. ఆ తర్వాతి పోటీ పేజీలో "దాణా: రాత్రి 9, ఉదయం గడ్డి మాత్రమే" అని రాసుకున్నాను. దాని కింద రెండో గేట్ వరసలో ఉన్నది ఇది: నేను జీను పట్టీ వదులు చేసేలోపే తడి గడ్డిలో మూతి పెట్టేసింది, తల ఎత్తలేదు.